ఓబులేసు అరికాలు

రోహిణి కార్తె, మంగళవారం

ఆఫీసు పుటలో రాయాల్సింది రాసేశాను. నాలుగో వరుస అద్దాలన్నీ గోపురం వైపే తిరిగి ఉన్నాయి. రెండు పీతలు మొరాయించాయి. ఎండ అంకె పొద్దున్నే ఎర్రగీత దాటింది, సైరన్ మోగింది, అందరం లోపలికి వచ్చేశాం. ఆ పుటలో ఇంతకు మించి పట్టదు. మిగిలింది ఈ వెనక పుటల్లో రాసుకుంటున్నాను.

నా పేరు సుంకమ్మ. ఎండని గోపురం మీదికి మళ్ళించి కరెంటు తీసే ఈ అద్దాల పొలంలో దినచర్య రాయడం నా పని. మా ఆయన ఓబులేసు పీతల మేస్త్రీ. పీతలంటే పొద్దుగూకాక అద్దాల మీద పాకుతూ దుమ్ము తుడిచే యంత్రాలు. వాటికి చక్రాలు అరిగినా, కుంచెలు ఊడినా ఆయనే బాగుచేయాలి. ప్రతిదానికీ ఒక పేరు పెట్టుకున్నాడు. ఇవాళ మొరాయించిన వాటిలో ఒకదానికి మా అత్తగారి పేరే. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తుందని ఆ పేరు పెట్టాడు. మా అత్త బతికుంటే ముందు ఆమే నవ్వేది.

మా అవ్వల కాలంలో మిట్టమధ్యాహ్నం తలకు తుండుగుడ్డ చుట్టుకుని జనం పొలాల్లో తిరిగేవాళ్ళట. మేము ఆకాశం పైపొర పలచబడ్డాక పుట్టినవాళ్ళం. సగం భూమిలోకి దిగిన ఇళ్ళలో ఉంటాం. గడప దాటాలంటే ముఖానికీ మెడకీ పూత, పైన ముసుగు కోటు. ఇక్కడ ప్రతి మనిషికీ ఒక జత ఉండాలి. ఆదివారం పూట ఒకరి చర్మం ఒకరు చూసుకోవాలి. వీపు, చెవుల వెనక, తల పాపిట, అన్నీ. కొత్త మచ్చ కనిపించినా, పాతది మారినా పుటలోకి ఎక్కించాలి. మిగతా వాళ్ళకి జతను ఆఫీసు కుదురుస్తుంది. మాది పెళ్ళితోనే కుదిరింది. ఆయన వీపు మీది పుట్టుమచ్చలకి నేను ఊళ్ళ పేర్లు పెట్టాను. భుజం మీద నంద్యాల, వెన్ను పక్కన బేతంచెర్ల, నడుం దగ్గర డోన్. ఒకసారి డోన్ పెరిగినట్టుందని బెదిరిస్తే, జంక్షన్ కదా, పెరగక ఏం చేస్తాది అన్నాడు.

పొద్దున గేటు దగ్గర కమాను కింద నుంచి పోవాలి. అది మన చర్మాన్ని చదివి పచ్చదీపం వెలిగిస్తే పనిలోకి. ఆయనకి ఇన్నేళ్ళలో ఎర్రదీపం ఒక్కసారీ వెలగలేదు.

ఇవాళ కొంచెం కుంటుతున్నాడు. కొత్త బూట్లు కరుస్తున్నాయట.

రోహిణి కార్తె, శుక్రవారం

మధ్యాహ్నం పొలమంతా పడుకునే వేళ. ఓబులేసు చాప మీద బోర్లా పడుకుని నిద్రపోతున్నాడు. నేను పక్కన కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నాను. ఆయన ఎడమ మడమ మీద నల్లగా ఏదో కనిపించింది. పీతల గ్రీజు అనుకుని తడిగుడ్డతో తుడిచాను. పోలేదు. సబ్బు రాసి రుద్దాను. ఆయనకి చక్కిలిగింత పుట్టి లేచాడు.

బోల్టు గుచ్చుకున్న చోట రక్తం గడ్డకట్టిందని, అదే పోతుందని చెప్పి మళ్ళీ పడుకోబోయాడు. నేను దీపం దగ్గరికి జరిపి చూశాను. చింతగింజ కంటే పెద్దది. ఒక పక్క అంచు నున్నగా ఉంది, ఇంకో పక్క తడి కాగితం మీద సిరా పాకినట్టు ఉంది. మధ్యలో కారునలుపు, చుట్టూ గోధుమ రంగు, ఒక మూల నీలం. నడుమ సన్నగా పగిలి చెమ్మ ఊరుతోంది.

"ఆ బోల్టు గుచ్చుకునింది కుడికాలికి," అన్నాను.

ఆయన లేచి కూర్చుని రెండు కాళ్ళూ మార్చి మార్చి చూసుకున్నాడు. కట్టు కట్టింది నేనే కాబట్టి నాకు బాగా గుర్తు. కాసేపటికి ఆయనకీ గుర్తొచ్చింది.

ఎప్పటినుంచి ఉందని అడిగితే, ఉగాదికి ముందే చూశానన్నాడు. అప్పుడు మెంతిగింజంత ఉండేదట. రోజూ కమాను పచ్చదీపం వెలిగిస్తోంది కదా అని ఊరుకున్నాడు. కమాను చూసేది ఎండ తగిలే చర్మాన్ని. బూట్లలో ఉన్నది దానికెట్లా కనపడుతుంది? మా ఆదివారం పరీక్షలో కూడా అరికాలు లేదు. అక్కడ ఎండ పడదు కాబట్టి ఆ నియమాలు రాసినవాళ్ళకి అది గుర్తు రాలేదు. మాకూ రాలేదు.

రోహిణి కార్తె, ఆదివారం

ఇవాళ గొడవ పడ్డాం.

ఆయన భయం నాకు తెలుసు. మొన్నటిదాకా మాతో పనిచేసిన దస్తగిరికి ముక్కు మీద మానని పుండు లేచింది. చర్మం క్యాన్సర్ అన్నారు. కోసేశారు, నయమైంది. కానీ మనిషి మళ్ళీ పొలానికి రాలేదు. క్యాన్సర్ వచ్చినవాళ్ళని ఎర్రమల కొండ కడుపులో కట్టిన నీడ ఊరికి పంపేస్తారు. అక్కడ ఎండ ఉండదు, పని ఉంటుంది, తిండి ఉంటుంది. జతను మాత్రం వెంట పంపరు, పొలంలో మనుషులు చాలరని. దస్తగిరి ఫోన్ చేసినప్పుడల్లా ఇవాళ ఆకాశం ఏ రంగులో ఉందని అడుగుతాడు.

ఓబులేసు నన్ను బతిమాలాడు. వానలు పడ్డాక చూపించుకుంటానని, అంతదాకా పుటలో ఎక్కించవద్దని. అంత పెద్ద మనిషి నా మోకాలి దగ్గర కూర్చుని అడిగాడు.

"రాస్తే నన్ను కొండలో ఏస్తారు మేయ్."

"కొండలో ఉంటే నెలకొకసారన్నా వచ్చి చూస్తా. ఇంకోచోటికి పోతే యాడికని రావాల నేను?"

ఆయన ఎదురుగానే పుట తెరిచి ఎక్కించాను. ఓబులేసు, ఎడమ అరికాలు, మడమ దగ్గర నల్ల మచ్చ, పెరుగుతోంది, డాక్టర్ చూడాలి. రాస్తున్నంతసేపూ నా చేతినే చూస్తూ కూర్చున్నాడు.

రోహిణి కార్తె, మంగళవారం

ఆయన నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటున్నాడు, నీళ్ళు కావాలంటే తనే లేచి ముంచుకుంటున్నాడు. కానీ పొద్దున నేను ముసుగు కోటు తొడుక్కోబోతే వచ్చి వెనక నిలబడ్డాడు. రోజూలాగే నా మెడ వెనక పూత రాశాడు. చెవి తమ్మెల కింద కూడా వదలకుండా రాశాడు. కోపం మాటల దగ్గరే ఆగిపోయింది, చేతుల దాకా రాలేదు.

సూపర్‌వైజర్ దానమ్మ పుట చదివి స్వయంగా మా ఇంటికి వచ్చింది. నంద్యాల ఆసుపత్రిలో చర్మం డాక్టర్‌తో మాట్లాడానని, సాయంత్రం బండిలో ఇద్దరం వెళ్ళాలని చెప్పింది. ఓబులేసు అన్ని పీతలకీ నూనె పోసి గానీ బండెక్కలేదు. పొలానికి దానమ్మ కొత్త పుస్తకం తెరిచింది, ఇది నా సంచిలోనే ఉంది.

మృగశిర కార్తె, సోమవారం

నంద్యాల వచ్చాక మా వంతు ఇవాళ్టికి గానీ రాలేదు. డాక్టర్ పేరు మాబున్నీసా. మా కంటే చిన్నది. ఓబులేసు కాలు తన ఒడిలో పెట్టుకుని, చిన్న లైటున్న భూతద్దంతో చాలాసేపు చూసింది. కాలు కడుక్కోలేదని ఆయన సిగ్గుపడుతుంటే, రోజంతా పాదాలే చూస్తానని, ఇది వాటిల్లో శుభ్రమైనదేనని చెప్పింది. మత్తు సూది వేసి, సన్నటి గొట్టంతో చర్మం ముక్క తీసింది. దాన్ని పరీక్షకి పంపి, ఫలితం వచ్చేదాకా ఆసుపత్రి సత్రంలోనే ఉండమంది.

ఆయన అడక్కుండానే ఒక మాట చెప్పింది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

"ఓబులేసన్నా, ఎండ వల్ల వచ్చేవి వేరే. ముక్కు మీద, చెవుల మీద వస్తాయి. ఎక్కువ భాగం మెల్లగా పెరుగుతాయి, కోసేస్తే పోతాయి. మీ కాల్లో ఉండేది, నేను అనుకునేదే అయితే, ఎండతో వచ్చింది కాదు. చర్మంలో రంగు తయారుచేసే కణాలుంటాయి. వాటిల్లో ఒకటి అదుపు తప్పి పెరగడం మొదలుపెడతాది. మన రంగు వాళ్ళకి అట్లాంటిది వస్తే అరికాల్లోనో, అరచేతిలోనో, గోరు కిందనో వచ్చేదే ఎక్కువ. ఎందుకని అడిగితే పూర్తిగా నాకూ తెలీదు."

అంటే తను ఎండలో తిరిగినందుకు కాదా అని ఆయన అడిగాడు. కాదంది. పూత తక్కువ పూసుకున్నందుకు కాదా అన్నాడు. కాదంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి వదిలాడు. ఇన్ని రోజులూ తన తప్పేనని లోపల కుమిలిపోతున్నాడని నాకప్పుడు తెలిసింది. ఆయన మెడ వెనక పూత రాసేది నేను. నా గుండెల మీది బరువు కూడా అక్కడే దిగింది.

సత్రానికి నడుస్తూ నాతో మాట్లాడాడు. ఈ ఊళ్ళో ఇడ్లీ పెద్దగా ఉండాది, అన్నాడు. వారం తరవాత మొదటి మాట అది.

మృగశిర కార్తె, శనివారం

ఫలితం వచ్చింది. మెలనోమా.

డాక్టర్ ఆ పేరు రెండుసార్లు చెప్పింది, మేము సరిగా వినాలని. చర్మం క్యాన్సర్లలో ఇది మొండిది. చర్మంలో ఎంత లోతుకి దిగిందన్న దాన్ని బట్టి మిగతాదంతా ఉంటుంది. పైపైన ఉన్నప్పుడు పట్టుకుంటే కోతతోనే అయిపోతుంది. ఓబులేసుది పైపైన లేదు, మరీ లోతుగానూ లేదు. ముందు మడమ మీద మచ్చనీ, దాని చుట్టూ కొంతమేర మంచి చర్మాన్నీ తీసేయాలి. అక్కడి నుంచి కణాలేమైనా బయలుదేరితే మొదట గజ్జలో అందరికీ ఉండే లింఫు గడ్డ దగ్గర ఆగుతాయి, అందుకని ఆ గడ్డని కూడా తీసి చూడాలి.

ఆయన ఒక్కటే అడిగాడు, నడవగలనా అని. నడుస్తారని చెప్పింది, ముందు కొన్నాళ్ళు కర్రతో.

నేను అడగాల్సింది నేను అడిగాను. ఆయన పక్కనే ఉన్నాడు, అయినా అడిగాను.

"మా ఆయన బతుకుతాడామ్మా?"

"బతికేవాళ్ళే ఎక్కువమంది అక్కా, ఈ కాలంలో. అందరూ కాదు. నేను మాత్రం మీకు అబద్ధం చెప్పను. ఏ రోజు ఏం తెలిస్తే ఆ రోజు అది చెప్తాను."

ఆ మాట నాకు ధైర్యమే ఇచ్చింది. బయటికి వచ్చాక ఓబులేసు నా చెయ్యి పట్టుకుని నడిచాడు. పెళ్ళయిన కొత్తలో కూడా బజారులో చెయ్యి పట్టుకున్న మనిషి కాదు. ఎదురుగా వస్తున్న వాళ్ళు చూస్తున్నా వదల్లేదు.

ఆరుద్ర కార్తె, బుధవారం

ఆపరేషన్ అయింది. మడమలో అరచేతిలో సగమంత తీసేశారు. ఆ గుంటని పూడ్చడానికి తొడ మీంచి పలచగా చర్మం తీసి అక్కడ అతికించారు. అతుకు పట్టేదాకా కాలు నేల మీద ఆనకూడదు.

ఆపరేషన్‌కి ముందు కాల్లోకి నీలం రంగు సూది ఎక్కించారు. ఆ రంగు ఏ దారిన పోతే క్యాన్సర్ కణాలూ ఆ దారినే పోయుంటాయని, అది ఎక్కడ చేరితే ఆ గడ్డని తీస్తారని డాక్టర్ ముందే చెప్పింది. ఆ రంగు ఒంట్లోంచి ఎట్లా బయటికొస్తుందో మాత్రం చెప్పలేదు. సాయంత్రం ఒంటేలు పోయడానికి సీసా పట్టుకుంటే పచ్చగా, గోరింటాకు నూరిన నీళ్ళలా వచ్చింది. ఇద్దరం దాన్ని చూసి మొదట బిగుసుకుపోయాం. నర్సు వచ్చి అది మామూలేనని చెప్పాక ఆయనకి నవ్వు ఆగలేదు. కుట్లు లాగుతున్నాయి, నవ్వొద్దని నేనంటుంటే ఇంకా నవ్వాడు. కమానుకి ఇది చూపించాల, ఇంకా పచ్చదీపం కావాలంటాదేమో అన్నాడు.

పునర్వసు కార్తె, గురువారం

గజ్జలో తీసిన గడ్డలో కొన్ని కణాలు దొరికాయి. ఎక్కువ కాదు, కానీ అక్కడిదాకా వెళ్ళాయి. అంటే కోతతో సరిపోదు.

ఇక ముందు ఇచ్చేది మందు. డాక్టర్ గోడకి బొమ్మ తగిలించి చెప్పింది. ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి. చెడ్డ కణం తనూ ఇంటి మనిషినేనని వాటిని నమ్మిస్తుంది, అవి ఊరుకుంటాయి. ఈ మందు ఆ మోసం సాగకుండా చేస్తుంది. దాంతోపాటు, ఆయన కాల్లోంచి తీసిన ముక్కని చదివి, ఆయన ఒక్కడికే సరిపోయే టీకా తయారుచేస్తారు. ఏ కణాన్ని పట్టుకోవాలో కాపలావాళ్ళకి గుర్తులు నేర్పే టీకా.

ఓబులేసు శ్రద్ధగా విన్నాడు.

"అంటే, దుమ్మేదో అద్దమేదో పీతకి నేర్పిస్తాండారు."

"అంతే అన్నా. ఒక్కోసారి నేర్చుకున్న పీత అద్దాన్ని కూడా గీకుతాది. కడుపులో గానీ, ఊపిరిలో గానీ, చర్మం మీద గానీ ఏ తేడా వచ్చినా దాచిపెట్టొద్దు. వెంటనే నాకు చెప్పాల."

దాచిపెట్టనివ్వనని నేను చెప్పాను. ఆమె నా వైపు చూసి తలూపింది.

మధ్యాహ్నం దానమ్మ ఫోన్ చేసింది. నీడ ఊరికి బదిలీ ఉత్తర్వు వచ్చిందట, మందు పూర్తయ్యాక ఆయన అక్కడికే వెళ్ళాలి. నేను విషయమంతా చెప్పాను, ఇది ఎండ వల్ల వచ్చింది కాదని కూడా. ఎండ వల్ల కానప్పుడు నీడలో పెట్టి ఏం లాభం సుంకమ్మా, అని తనే అంది. డాక్టర్‌తో రాయించి పంపమంది, పై ఆఫీసుతో తను మాట్లాడుతుందట. ఓబులేసుకి బదిలీ సంగతి చెప్పాను, దానమ్మ మాట కూడా చెప్పాను. దస్తగిరికి తోడు దొరుకుతాదిలే, అన్నాడు. కానీ ఆ పూట సరిగా తినలేదు.

ఆశ్లేష కార్తె, ఆదివారం

రెండో విడత మందు ఎక్కాక నాలుగో రోజు నుంచి విరేచనాలు. మొదట బయటి తిండి అనుకున్నాం. తరవాత రక్తం పడింది. నీరసంతో గోడ పట్టుకుని కూడా నిలబడలేకపోయాడు. నేను డాక్టర్‌కి ఫోన్ చేస్తే వెంటనే చేర్చుకుంది. కాపలావాళ్ళు పేగుల మీద పడ్డారని చెప్పింది. వాళ్ళని కాస్త చల్లబరిచే మందు ఇస్తోంది. క్యాన్సర్ మందు ఆపేసింది.

మళ్ళీ మొదలుపెడతారా అని అడిగితే, చూడాలంది. ఆపేస్తే ఏమవుతుందన్నాను. ఎక్కినంతవరకు పనిచేస్తూనే ఉండొచ్చు, చేయకపోవచ్చు, అది ఇప్పుడే తెలియదంది.

ఆయన్ని తుడిచి బట్టలు మారుస్తుంటే ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. నీ చేత ఇదంతా చేయించుకోవడం నాకు బాగాలేదు మేయ్ అన్నాడు. పెళ్ళయిన ఏడాదే నాకు టైఫాయిడ్ వస్తే ఎవరు చేశారని అడిగాను. అప్పుడు నువ్వు తూకం తక్కువ, ఎత్తడం సులువు అన్నాడు. జోకు వేసే ఓపిక ఉందంటే మంచిదే అనుకున్నాను. కానీ నీళ్ళు పట్టడానికి వెళ్ళినప్పుడు కుళాయి దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. బకెట్ నిండి పొర్లిపోయింది.

మఖ కార్తె, శుక్రవారం

కడుపు కుదుటపడింది. రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. మజ్జిగలో ఉప్పు చాలలేదని తగువు పెట్టుకున్నాడు. నాకెంత సంతోషమైందో చెప్పలేను. పోట్లాడుతూనే ఉప్పు తెచ్చి వేశాను.

తగ్గించిన మోతాదుతో మందు మళ్ళీ మొదలుపెట్టారు. టీకా కూడా వేశారు, భుజానికి. పొలం నుంచి పీతల కబుర్లు రోజూ కావాలి ఆయనకి. దానమ్మ ఓపికగా పేరుపేరునా చెబుతోంది. మా అత్త పేరున్న పీత కుంచె ఊడిపోయినా అలాగే తుడుస్తోందట.

ఉత్తర కార్తె, సోమవారం

సామాన్లు తేవడానికి నేనొక్కదాన్నే పొలానికి వచ్చాను. మంచిరోజునే వచ్చాను. ఇవాళ దానమ్మ అందరినీ భోజనాల గదిలో బెంచీల మీద కూర్చోబెట్టి బూట్లు విప్పమంది. ఎవరి జత పాదాలు వాళ్ళు చూడాలి. అరికాలు, వేళ్ళ సందులు, గోళ్ళు.

ఇంత గోల నేనెప్పుడూ చూడలేదు. గోపురం మీద పనిచేసే మీసాల మనుషులు కాళ్ళు వెనక్కి లాక్కుని చిన్నపిల్లల్లా మెలికలు తిరిగారు. ఒకరి కాలి వాసనకి ఇంకొకరు ముక్కు మూసుకున్నారు. ముందు దానమ్మే బెంచీ ఎక్కి తన రెండు కాళ్ళూ అందరికీ చాపి చూపించాక గానీ దారికి రాలేదు.

ముగ్గురిని నంద్యాల పంపాలని తేలింది. నల్లగా కనిపించిన ప్రతిదీ అదే కాదని డాక్టర్ నాకు ముందే చెప్పింది, మన రంగు వాళ్ళకి గోళ్ళలో నల్లగీతలు మామూలుగానే ఉంటాయట. అయినా కొత్తగా వచ్చిందీ, మారుతున్నదీ చూపించుకోవాలి. వెళ్ళేటప్పుడు ఆ ముగ్గురినీ నా వెంటే బండిలో తీసుకెళ్తున్నాను.

హస్త కార్తె, మంగళవారం

ఇద్దరికి ఏమీ లేదు. మూడో మనిషి వంటశాలలో పనిచేసే పుల్లమ్మ. ఆమె కాలి బొటనవేలి పక్కన మచ్చ అదేనట. కానీ ఇంకా పైపైనే ఉంది. కోసేశారు, మందులేమీ అక్కర్లేదు. వెళ్ళిపోయే ముందు ఓబులేసు మంచం దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆయన దుప్పటి సర్దింది, సర్దిందే మళ్ళీ సర్దింది.

"నీ కాలు నా కాలుని కాచింది ఓబులేసన్నా," అని లేచిపోయింది.

ఆమె వెళ్ళాక ఆయన, ఆరోజు నువ్వు రాసిందే మంచిదయింది, అన్నాడు. నేను పండు ఒలుస్తున్నాను. ఒక తొన ఆయన నోట్లో పెట్టాను.

చిత్త కార్తె, బుధవారం

పొద్దున గడ్డం గీస్తుంటే పై పెదవి పక్కన తెల్లగా కనిపించింది. నురగ అనుకుని తుడిచాను. నురగ కాదు. వేలి కొనల మీద, కనురెప్ప మీద కూడా మొదలయ్యాయి. తెల్లమచ్చలు.

ఆయన అద్దంలో చూసుకుని కూలబడిపోయాడు. క్యాన్సర్ అన్నప్పుడు కూడా ఇంత చిన్నబోలేదు. పెళ్ళిళ్ళలో పక్కన కూర్చోరు, చేతి నీళ్ళు తాగరు అంటూ చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో బొల్లి ఉన్న ఒక చిన్నాన్న పడ్డదంతా చెప్పాడు. నేను చెంబులో నీళ్ళు తీసుకుని ఆయన చేతికిచ్చి, సగం తాగించి, మిగతా సగం నేను తాగాను.

డాక్టర్‌కి చూపిస్తే ఆమె మా ఇద్దరికీ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కాపలావాళ్ళు రంగు కణాల్ని గుర్తుపట్టినారన్నా. చెడ్డవాటితో పాటు కొన్ని మంచివాటిని కూడా పట్టుకుంటాండారు. ఇవి వచ్చినవాళ్ళకి మందు బాగా పనిచేయడం మేము చూస్తాంటాం. ఖాయంగా అని నేను చెప్పలేను. కానీ నాకు సంతోషంగా ఉండాది."

ఆ మచ్చల మీద ఎండ అసలు తగలనివ్వకూడదని, అక్కడ కాపాడే రంగు లేదని కూడా చెప్పింది.

తిరిగి వస్తూ దారిలో ఆయన నన్ను ఆపి, పెదవి మీదిది ఎంత ఉందో మళ్ళీ చూడమన్నాడు. పొద్దున ఉన్నంతే ఉందని చెప్పాను. ఇంకొంచెం పెరిగితే బాగుండు, అన్నాడు.

స్వాతి కార్తె, ఆదివారం

నిన్న పెద్ద యంత్రంలో ఒళ్ళంతా తీసి చూశారు. ఎక్కడా ఏమీ కనపడలేదు. కనపడలేదంటే లేదని కాదు, మూడు నెలలకొకసారి చూస్తూ ఉండాలి, అట్లా కొన్నేళ్ళు. మందు ఇంకా కొన్ని విడతలు ఉంది, వచ్చి ఎక్కించుకుని వెళ్ళొచ్చు. ఇంటికి పోవచ్చు అని డాక్టర్ చెప్పింది. ఓబులేసు లేచి ఆమెకి దండం పెట్టబోతే, ఆమె ఆయన చేతులు కిందికి దించి కాలు చూపించమంది. అతుకు బాగా పట్టింది. అక్కడ స్పర్శ మాత్రం ఉండదట. వేడి, చలి, ముల్లు, ఏదీ తెలియదు. రోజూ కాలు చూసుకోవాలి, మెత్తటి చెప్పు వేసుకోవాలి.

గేటు దగ్గర దానమ్మ ఎదురొచ్చింది. నీడ ఊరి ఉత్తర్వు రద్దయింది. డాక్టర్ రాసిచ్చిన కాగితం పట్టుకుని ఆమె పై ఆఫీసుకి మూడుసార్లు తిరిగిందని తరవాత ఎవరో చెప్పారు, తను చెప్పలేదు. అద్దాల మధ్యకి మాత్రం ఓబులేసు వెళ్ళకూడదు. పీతలే ఆయన దగ్గరికి వస్తాయి, కప్పు కింద బల్లలు వేయించింది. ఆయన సరే అన్నాడు. అద్దాల వైపు ఒక్కసారి చూసి మళ్ళీ సరే అన్నాడు.

మధ్యాహ్నం మబ్బు కమ్మింది. ఎంత దట్టంగా కమ్మిందంటే ఎండ అంకె పడిపోయి, బయటికి రావచ్చని చెప్పే సైరన్ మోగింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు మోగుతుంది అది. వాన మొదలయ్యేసరికి పొలమంతా ముసుగులు లేకుండా బయట ఉంది. దానమ్మ తల తడుపుకుంటూ నిలబడింది. పుల్లమ్మ గరిటె చేత్తోనే వచ్చేసింది.

నేను ఓబులేసుకి భుజం ఆసరా ఇచ్చి మెట్లెక్కించాను. ఆయన కాసేపు వానలో ముఖం పైకెత్తి నిలబడ్డాడు. పెదవి పక్కన తెల్లమచ్చ మీంచి నీళ్ళు జారుతున్నాయి. ఉన్నట్టుండి వంగి ఎడమ కాలి చెప్పు విప్పాడు. వద్దంటానని నా వైపు చూశాడు. నేననలేదు. కాలు మెల్లగా బురదలో పెట్టాడు.

"వేళ్ళకి తెలుస్తాంది. మడమకి ఏమీ తెలీదు. ఎట్ల ఉండాది మేయ్?"

నేనూ చెప్పు విడిచి, ఆయన మడమ పక్కనే నా మడమ ఆనించాను.

"చల్లగుండాది. మెత్తగా. అడుగున చిన్న రాయొకటి గుచ్చుకుంటాంది."

ఆయన కాలు కొంచెం పక్కకి జరిపాడు, రాయి తనకే గుచ్చుకున్నట్టు. నేనూ జరిపాను.

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఉత్త బురదే," అన్నాను.

ఆయన కాలు అక్కడే ఉంచాడు.